శిస్తు రొక్కంగా మారిన నాటి నుంచి: బ్రిటిష్ పాలన మన సమాజాన్ని ఎలా మార్చింది?

మీరు అడిగింది ఇది: "కోనసీమలో మా తాతగారు కాటన్ దొర పటానికి దండం పెట్టుకునేవారు. కాలేజీలో మాస్టారేమో తెల్లవాళ్ళు మనల్ని పీల్చి పిప్పి చేశారంటారు. ఇద్దరిలో ఎవరి మాట నిజం? అయినా అంత పాత సంగతులతో ఇప్పుడు మనకేం పని?"

మీ తాతగారి మాటా నిజమే, మాస్టారి మాటా నిజమే. కానీ రైళ్ళూ కాలువలూ బళ్ళూ ఒక పక్కన, కరువులూ పన్నులూ ఇంకో పక్కన రాసుకుని కూడికలు తీసివేతలు చేస్తే ఆ కాలం మనకు అర్థం కాదు. గోదావరికి ఆనకట్ట కట్టించిందీ, గుంటూరులో జనం పిట్టల్లా రాలిపోతుంటే చూస్తూ ఊరుకున్నదీ ఒకే ప్రభుత్వం. రెండు చోట్లా అది చూసుకున్నది ఒకే జమాబందీ లెక్క, అంటే ఏటా రావాల్సిన శిస్తు లెక్క. నేను రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఉద్యోగంలో ఉండగా పాత సెటిల్‌మెంటు రికార్డులు తిరగెయ్యడం అలవాటైంది. తర్వాత జిల్లా మాన్యువళ్ళు, గెజిటీర్లు, కరువు నివేదికలు చదువుతూ వచ్చాను. అందుకని దేశం మొత్తం గురించి కాకుండా తెలుగు జిల్లాల గురించే, అందులోనూ భూమిశిస్తు వైపు నుంచే చెబుతాను. మన సమాజంలో వచ్చిన మార్పుల్లో చాలావాటికి మొదలు అక్కడే ఉందని నా గట్టి నమ్మకం.

ఇంగ్లీషు కంపెనీ మచిలీపట్నంలో వర్తకం మొదలుపెట్టింది 1611లో. నూటయాభై ఏళ్ళ పాటు వాళ్ళు మన అద్దకం బట్టలూ నేత బట్టలూ కొనుక్కుపోయే షావుకార్లు మాత్రమే. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం ఫర్మానాతో, 1766లో నిజాంతో ఒప్పందంతో ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా జిల్లాలు, వాళ్ళ చేతికొచ్చాయి. గుంటూరు మాత్రం 1788 దాకా ఆగింది. టిప్పు నుంచి తనకొచ్చిన కడప, బళ్ళారి ప్రాంతాలను నిజాం 1800లో సైన్యం ఖర్చు కింద కంపెనీకి రాసిచ్చాడు. ఇవే దత్తమండలాలు. కర్నూలు నవాబు ఏలుబడి 1839లో పోయింది. తెలంగాణ నిజాం కిందే ఉండిపోయింది. ఈ మూడు ముక్కలూ మూడు రకాల పాలన కిందికి వెళ్ళాయన్న సంగతి గుర్తుపెట్టుకోండి. కోస్తా, సీమ, తెలంగాణ అని ఈ రోజు మనం చెప్పుకునే తేడాల్లో సగం అప్పుడు పడినవే.

సర్కారుల్లో కంపెనీ పాత జమీందార్లనే ఉంచింది. కానీ వాళ్ళ స్వభావాన్ని మార్చేసింది. అంతకు ముందు పెష్కస్, అంటే పైప్రభువుకిచ్చే కప్పం, కట్టడం బలాబలాల మీద నడిచేది. నవాబు గట్టివాడైతే కట్టేవారు, లేకపోతే బేరమాడేవారు. కంపెనీకి బేరాలు లేవు. విజయనగరం చినవిజయరామరాజు బకాయిల దగ్గర పట్టుబట్టి, కంపెనీ మాట కాదని పద్మనాభంలో నిలబడితే 1794 జులై 10న ఆయన్నీ ఆయన వెంట ఉన్న మన నాయకుల్నీ అక్కడే చంపారు. 1802లో శాశ్వత పరిష్కారం తెచ్చి, ఏటా ఇంత సొమ్ము కట్టాలి, కట్టకపోతే ఎస్టేటు వేలం అన్నారు. రాజు అనేవాడు ఒక్కసారిగా వాయిదా మీద పన్ను కట్టే ఆసామి అయిపోయాడు. వేలంలో ఎస్టేట్లు పాడుకున్నవాళ్ళలో ఆ ఊళ్ళతో ఏ సంబంధమూ లేని షావుకార్లూ, కచేరీ ఉద్యోగులూ ఉన్నారు. చెరువు గట్టు తెగితే వేయించాలన్న బాధ్యత వాళ్ళకు తట్టలేదు. వాళ్ళకు కావలసింది పెట్టిన డబ్బు తిరిగి రావడమే.

దత్తమండలాల్లో కథ వేరు. అక్కడ 1800 నుంచి 1807 వరకు ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పాలెగాళ్ళను అణిచి, మధ్యవర్తులు లేకుండా రైతుతోనే నేరుగా శిస్తు లెక్క పెట్టుకునే రైత్వారీని నిలబెట్టాడు. మన్రో అంటే సీమలో ఇప్పటికీ గౌరవం ఉంది, పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నవాళ్ళున్నారు. ఆ గౌరవం ఊరికే రాలేదు. గుడారం వేసుకుని ఊరూరూ తిరిగి, రైతుల మాట వాళ్ళ భాషలోనే విన్న మనిషి ఆయన. 1827లో గవర్నరు హోదాలో పర్యటిస్తూ పత్తికొండలో కలరాతో పోయాడు. అయినా ఆయన వేసిన శిస్తు ఎంత? పండిన పంటలో నూటికి 45 వంతులు! ఇది మోయలేని బరువని ఆయనకే తెలుసు. మూడో వంతుకు తగ్గించమని 1807లోనే పైవాళ్ళకు రాశాడు. మద్రాసులో వాళ్ళు ఒప్పుకోలేదు. పైగా ఊళ్ళకు ఊళ్ళే గుత్తకిచ్చే పద్ధతి తెచ్చి పదేళ్ళకు పైగా రైతుల్ని గుల్ల చేశారు. మన్రో గవర్నరై తిరిగొచ్చాక గానీ ఆ తగ్గింపు అమలు కాలేదు. మంచి అధికారి ఉన్నా పద్ధతి తన దారిన తాను పోతుంది అనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

శిస్తు పెద్దది కావడం ఒక్కటే కాదు, అది రొక్కంగా మారడం అసలు దెబ్బ. అంతకు ముందు చాలాచోట్ల కల్లంలో రాశి పోసి, సర్కారు వంతూ రైతు వంతూ పంచుకునేవారు. పంట పోతే సర్కారు వంతూ పోయేది. ఇప్పుడు పొలానికి ఇన్ని రూపాయలని కట్టేశారు. వాన పడినా పడకపోయినా, పుట్టెడు వడ్లు ఎంతకు అమ్ముడుపోయినా, ఆ రూపాయలు కిస్తు నాటికి కచేరీలో పడాల్సిందే. 1820ల తర్వాత సుమారు పాతికేళ్ళ పాటు ధాన్యం ధర పడిపోతూ వచ్చింది. అంటే అదే పది రూపాయల శిస్తు కోసం రైతు ఏటికేడు ఎక్కువ గింజలు అమ్ముకోవాల్సి వచ్చింది. కిస్తు కోతలకు ముందే వచ్చేది కనక షావుకారు దగ్గర అప్పు చేసి కట్టి, కోతలయ్యాక అతను చెప్పిన ధరకే కల్లంలో కొలిచేవాడు. పల్లెల్లో అప్పు అంతకు ముందు లేదని నేననడం లేదు. కానీ బాకీ తీర్చకపోతే కోర్టుకెళ్ళి డిక్రీ తెచ్చి పొలం వేలం వేయించుకోవచ్చన్న వీలు కొత్తది. భూమి అలా అమ్ముడుపోయే సరుకైంది.

వసూలు ఎలా చేశారో కూడా తెలుసుకోవాలి. మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ)లో శిస్తు కోసం హింసలు పెడుతున్నారని పార్లమెంటులో గొడవ లేస్తే కంపెనీయే విచారణ వేసింది, 1855లో నివేదిక వచ్చింది. నేను చదివిన సర్కారు కాగితాలన్నిటిలోకీ మనసు కలచివేసింది అదే. ఎర్రటి ఎండలో రైతును వంగబెట్టి, మెడకూ కాళ్ళకూ తాడు బిగించి, వీపు మీద రాయి పెట్టి నిలబెట్టేవారు. చేతివేళ్ళు రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కేవారు. అన్నానికి వెళ్ళనిచ్చేవారు కాదు. ఇవన్నీ చేసిందెవరు? తాసిల్దారు కింది బంట్రోతులు, ఊరి ముఠాదార్లు, మన మనుషులే. నివేదిక రాసిన దొరలు ఆ నేరం మన ఉద్యోగుల మీద వేసి ఊరుకున్నారు. పన్ను అంత ఎత్తున పెట్టి, వసూలు కాకపోతే ఉద్యోగం ఊడుతుందని పైనుంచి తరిమింది ఎవరన్న సంగతి మాత్రం వదిలేశారు. ఊళ్ళో కరణానికీ మునసబుకూ రైతుకూ మధ్య తరాల తరబడి నడిచిన పగలకు ఇక్కడొక మూలం ఉంది.

ఇక నీళ్ళ సంగతి. సీమలో దశబంధం మాన్యాలని ఉండేవి. చెరువు తవ్వించినవాడికో, ఏటా గట్టు బాగుచేసేవాడికో ఆ ఆయకట్టులో కొంత భూమి మాన్యంగా ఇచ్చేవారు. పూడిక తీయడం, తూము చూసుకోవడం, గట్టు మీద మట్టి పొయ్యడం అతని బాధ్యత. కంపెనీ లెక్కల్లో మాన్యం అంటే శిస్తు రాని భూమి, కాబట్టి దాన్ని ఎప్పుడూ అనుమానంగానే చూశారు. చెరువులు రెవెన్యూ వాళ్ళ చేతికీ, తర్వాత మరామతు శాఖ చేతికీ పోయాయి. ఆ శాఖకిచ్చే డబ్బు చాలేది కాదు. ఇటు ఊరివాళ్ళకు హక్కూ పోయింది, బాధ్యతా పోయింది. ఇప్పుడు మనం కోట్లు పెట్టి పూడిక తీయిస్తున్న చెరువుల్లో ఎన్నో ఒకప్పుడు ఊరే చూసుకున్న చెరువులు.

1832-33 నందన నామ సంవత్సరం. వానలు లేవు. గుంటూరు జిల్లా జనాభా అప్పటికి సుమారు 5 లక్షలు. అందులో ఒకటిన్నర, రెండు లక్షల మధ్య చనిపోయారని లెక్క. మద్రాసు వెళ్ళే బాట వెంట శవాలు పడి ఉన్నాయని అప్పటివాళ్ళే రాశారు. దీన్నే మన పెద్దలు నందన కరువని, డొక్కల కరువని తరతరాలుగా చెప్పుకున్నారు. ధాన్యం వర్తకంలో ప్రభుత్వం కలగజేసుకోకూడదన్నది అప్పటి సిద్ధాంతం. ఆ పట్టుదల ఎంతమందిని పొట్టన పెట్టుకుందో ఎవరూ లెక్క కట్టలేదు. కరువు తర్వాత గుంటూరు జమీందార్లు పేరుకుపోయిన బకాయిలతో కూలిపోయారు. వాల్టర్ ఇలియట్ వచ్చి విచారించి 1846లో నివేదిక ఇచ్చాక ఆ ఎస్టేట్లు సర్కారు పరమయ్యాయి.

ఇప్పుడు మీ తాతగారి కాటన్ దగ్గరికొద్దాం. అప్పటి రాజమండ్రి జిల్లాలో 1821లో 7 లక్షల 38 వేల జనాభా ఉంటే 1841 నాటికి 5 లక్షల 61 వేలయింది. ఇరవై ఏళ్ళలో నాలుగో వంతుకు దగ్గరగా మనుషులు మాయమయ్యారు. కొందరు కరువుల్లో, 1839 కోరంగి ఉప్పెనలో పోయారు, కొందరు ఊళ్ళు వదిలి వెళ్ళిపోయారు. మనుషులు పోతే శిస్తూ పోతుంది. ఆ పడిపోయిన శిస్తే కంపెనీని కదిలించింది. 1844లో హెన్రీ మాంట్‌గొమరీని పంపి కారణాలు కనుక్కోమంటే, గోదావరి నీళ్ళు పొలాలకు మళ్ళించడమే దారి, దానికి తంజావూరులో కొల్లిడం మీద ఆనకట్టలు కట్టిన ఆర్థర్ కాటన్‌ను రప్పించండి అని ఆయన రాశాడు.

కాటన్ గొప్పతనం నిజమైనది, దాన్ని తగ్గించి మాట్లాడడం నాకిష్టం లేదు. అంత వెడల్పున్న నదిలో ఇసుక మీద పునాది వెయ్యడం ఎలాగన్నది ఆయన కావేరి మీద మనవాళ్ళు ఎన్నో వందల ఏళ్ళ కిందట కట్టిన కల్లణైని చూసి నేర్చుకున్నాడు. ఆ సంగతి ఆయనే దాచుకోకుండా చెప్పుకున్నాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా, లంకల మీదుగా ఆనకట్ట సాగింది. 1847లో మొదలై 1852కి పూర్తయింది. మన వీణెం వీరన్న లేకపోతే అన్ని వేల మంది కూలీలను సమకూర్చి పని నడిపించడం కాటన్ వల్ల అయ్యేది కాదు. ఆనకట్ట చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆయన్నీ తలుచుకోండి. పుణ్యస్నానం సంకల్పంలో ఒక తెల్లదొర పేరు చేర్చుకున్న జనం మనవాళ్ళు. కడుపు నిండిన కృతజ్ఞత అది. దాన్ని బానిసత్వమని వెక్కిరించేవాళ్ళతో నేను ఏకీభవించను. నేను గుర్తుచెయ్యదలుచుకున్నది ఒక్కటే. కాటన్ జీవితమంతా ఇంకా కాలువలు తవ్వండి, రైళ్ళ కన్నా ముందు నీళ్ళివ్వండి అని లండన్‌లో వాదించాడు. వినలేదు. ఎక్కడ పెట్టిన డబ్బు శిస్తుగా తిరిగొస్తుందో అక్కడే కాలువ. గోదావరికి వచ్చింది, 1855కి బెజవాడ దగ్గర కృష్ణకు వచ్చింది. తుంగభద్ర మీద కర్నూలు-కడప కాలువ ఒకటి వచ్చినా, పెద్ద ఆనకట్ట ఆ పాలనలో పూర్తి కాలేదు.

డెల్టాలో నీళ్ళు పారాక మనుషుల మధ్య సంబంధాలు కూడా మారాయి. రెండు తరాల్లో కమ్మ, కాపు, రాజు కులాల్లోని భూమి గల రైతులు చేతిలో రొక్కం చూశారు. ఆ రొక్కం వడ్ల మిల్లులైంది, కాకినాడ, బందరు, రాజమండ్రి, గుంటూరు కాలేజీల్లో పిల్లల చదువైంది, బ్రాహ్మణేతర ఉద్యమమైంది, రైతు సంఘాలైంది. తర్వాత ఇరవయ్యో శతాబ్దంలో నిజామాబాద్ వైపు నిజాంసాగర్ కిందికి వెళ్ళి భూములు కొన్నది కూడా ఆ రొక్కమే. అదే కాలువ కింద నాట్లు వేసి కోతలు కోసిన మాల మాదిగలకు మాత్రం భూమి రాలేదు. పాలేరుతనం, జీతానికి కుదరడం అలాగే సాగింది. పల్లం పొలానికి శిస్తు ఎక్కువ, పెట్టుబడి ఎక్కువ. కొనగలిగినవాడే కొన్నాడు. కాలువలు వచ్చాక కూడా గోదావరి, విశాఖ జిల్లాల నుంచి ఏటా వేల మంది పేదలు కాకినాడ రేవులో స్టీమరెక్కి రంగూన్ ఎందుకు పోయారన్న ప్రశ్నకు జవాబు ఇదే. అక్కడ వాళ్ళను కోరంగీలని పిలిచేవారు. రంగూన్ ఓడరేవులో బస్తాలు మోసిందీ, 1930 మే నెల అల్లర్లలో చనిపోయిందీ, 1942లో జపాన్ బాంబులకు కొండల దారిన కాలినడకన తిరిగొచ్చిందీ వాళ్ళే. అంతకు ముందే మారిషస్‌కు, 1860 నుంచి నటాల్‌కు, తర్వాత ఫిజీకి కట్టుబాటు కూలీలుగా వెళ్ళిన తెలుగువాళ్ళున్నారు. దక్షిణాఫ్రికాలో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నది 1931లో ఆ కూలీల సంతతే.

కాలువ నీళ్ళు అందని చోటికి 1876లో ధాత కరువు వచ్చింది. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే సీమ బయట దీన్ని తలుచుకునేవాళ్ళు తక్కువ. 1871కల్లా మద్రాసు నుంచి రాయచూరు దాకా కడప, తాడిపత్రి, గుత్తి, ఆదోని మీదుగా రైలు పడింది. కరువొస్తే రైలు ధాన్యం తెస్తుందని చెప్పారు. తెచ్చింది కూడా. అయితే ఊళ్ళలో మిగిలిన కొద్ది గింజల్నీ ధర ఎక్కువున్న చోటికి మోసుకుపోయింది కూడా ఆ రైలే. సీమ మనిషి ఆకలికి కొనే స్తోమత లేదు కాబట్టి వర్తకుడి లెక్కలో ఆ ఆకలి ఆకలే కాదు. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియాను భారత చక్రవర్తిని చేస్తూ వైస్రాయి లిట్టన్ దర్బారు జరిపించే రోజుల్లోనే ఇక్కడ గంజి కేంద్రాల ముందు జనం పడి చనిపోతున్నారు. ఖర్చు తగ్గించమని వైస్రాయి పంపిన రిచర్డ్ టెంపుల్ వచ్చి, సహాయ పనుల్లో మట్టి మోసే మనిషికి రోజుకు ఒక పౌను గింజలూ ఒక అణా చాలన్నాడు. ఒక పౌను అంటే మన లెక్కలో 450 గ్రాములు. ఎండలో రాళ్ళు కొట్టే మనిషికి! మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ ఇది మనుషుల్ని చంపే కూలి అని ఎదురు రాసి పోరాడితే కొన్ని నెలలకు దాన్ని సడలించారు. ఈలోగా ఎంతమంది పోయారో. మద్రాసు రాజధాని మొత్తం మీద 35 లక్షల మంది చనిపోయారని అంచనా. కర్నూలు జిల్లా జనాభా 1871 లెక్కకూ 1881 లెక్కకూ మధ్య నాలుగో వంతు తరిగింది. ఆ తర్వాత 1880లలో కరువు నియమావళి వచ్చింది. ఈ రోజు కరువు మండలాలు ప్రకటించడం, పనులు పెట్టడం వంటి పద్ధతులు దానిలోంచి వచ్చినవే. ఆ చావుల మీదే ఆ నియమాలు పుట్టాయి.

ఆ కరువులోనే ఒంగోలు వైపు ఇంకో మార్పు వచ్చింది. సహాయ పని కింద బకింగ్‌హాం కాలువ తవ్వుతున్నారు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకున్నాడు. మిగతా చోట్ల మేస్త్రీల తిట్లూ కోతలూ తిన్న మాదిగలు ఈ పనికి వచ్చారు. ఇక్కడ మేస్త్రీలు వాళ్ళ కులంవాళ్ళే, కూలి పూర్తిగా చేతికిచ్చేవారు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని క్లౌ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. గింజల కోసం మతం మారారని ఈ రోజుకీ తేలిగ్గా అనేస్తుంటారు. తేదీలు చూస్తే ఆ మాట నిలబడదు. వాళ్ళకు ముందే యర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ పెద్దలు ఆ దారిలో నడిచి ఊరూరా చెప్పి ఉన్నారు. వాళ్ళు కోరుకున్నది మనిషిగా చూసే చోటు, పిల్లలకు బడి. బ్రిటిష్ పాలన దళితులను ఉద్ధరించిందని నేననను. ఆ ప్రభుత్వం ఊరి పెద్దలతోనే కలిసి నడిచింది. కానీ ఆ పాలన నీడలో తెరుచుకున్న కొన్ని సందుల్లోంచి వాళ్ళే తోసుకుని బయటికొచ్చారు. ఈ సంగతి మీ మాస్టారి లెక్కలో కూడా పడాలి.

ఇందుకు సరిగ్గా ఎదురు కథ ఎరుకలవాళ్ళది. సముద్రపు ఒడ్డు నుంచి ఉప్పు గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని లోపలి ఊళ్ళకు తీసుకెళ్ళి, అక్కడి నుంచి గింజలు తెచ్చుకునే సంచార వర్తకులు వాళ్ళు. లంబాడీలదీ ఇలాంటి బతుకే, ఇంకా పెద్ద మందలతో. 1805లో మద్రాసు ప్రభుత్వం ఉప్పును తన గుత్తాధిపత్యం చేసుకుంది. తర్వాత రైలు వచ్చి ఆ మోత బేరం లాగేసుకుంది. అడవి చట్టం వచ్చి గొడ్లకు మేత, బుట్టలకు వెదురు ఆపేసింది. అలా అన్ని దారులూ మూసేసి, ఇప్పుడు వీళ్ళకు బతుకుతెరువు కనపడదు కాబట్టి దొంగలే అయి ఉంటారని తేల్చారు. 1871లో ఉత్తరాదిన వచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911 చట్టంతో మద్రాసు రాజధానికీ వచ్చింది. పుట్టుకే నేరం. వేలిముద్రలు తీసుకుని పేరు నమోదు చేస్తారు, ఊరు దాటాలంటే చీటీ కావాలి, రాత్రుళ్ళు హాజరు పలకాలి. బాపట్ల పక్కన స్టూవర్టుపురం సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీలో ఇలా పుట్టిందే. అక్కడి ఆడవాళ్ళు చీరాల పొగాకు కంపెనీలో ఆకు పనికి వెళ్ళేవారు, ఆ కంపెనీకి హాజరు తప్పని కూలీలు దొరికారు. చట్టాన్ని మద్రాసులో 1947లో, దేశమంతటా 1952లో రద్దు చేశారు. కానీ ఆ ఊరి పేరు చెబితే ఉద్యోగం ఇవ్వడానికి వెనకాడే రోజులు నా కళ్ళతో చూశాను. కులం పేరు మీద నేరం రాసే అలవాటు ఆ రిజిస్టర్లతోనే మొదలైంది, రిజిస్టర్లు పోయినా అలవాటు పోలేదు.

మన్యంలో ఇదే లెక్క కల్లు మీద పడింది. ఇంటి వాడకానికి గీసుకునే కల్లు మీద పన్ను, పోలీసుల మామూళ్ళు, షావుకారు తెచ్చిన కోర్టు కాగితాలు కలిసి 1879లో రంప పితూరీ (తిరుగుబాటు) లేచింది. 1882 అడవి చట్టం తర్వాత పోడు కూడా నేరమైంది. కూలి ఇవ్వకుండా రోడ్లు వేయించిన ఒక డిప్యూటీ తాసిల్దారు మీద మంటే 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి స్టేషను మీద పడడానికి దారి తీసింది. అదే ఏడు ఫిబ్రవరిలో పల్నాడులో పుల్లరి కట్టనన్న కన్నెగంటి హనుమంతును కాల్చారు. పశువు గడ్డి మేస్తే పన్నేమిటని రైతుకు ఎంత రోషం వచ్చిందో మా ప్రాంతంలో పాడుకునే కథల్లో ఇంకా వినిపిస్తుంది.

ఆడవాళ్ళ సంగతి ఒక్క మాటలో తేలదు గానీ ఒకటి చెబుతాను. 1856 వితంతు వివాహ చట్టం, 1881 డిసెంబరులో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం జరిపించిన మొదటి వితంతు వివాహం గొప్పవే. అయితే మన శ్రమ కులాల్లో చాలామందికి మారుమనువు ఎప్పటినుంచో ఉంది. కోర్టులు ధర్మశాస్త్రాల ప్రకారం తీర్పులివ్వడం మొదలుపెట్టాక పైకులాల ఆచారమే హిందువులందరి ఆచారమని లెక్కకెక్కింది. పరువు కావాలనుకున్న కులాలు మారుమనువు మానుకోవడం కూడా ఆ రోజుల్లోనే కనిపిస్తుంది.

తెలంగాణకు కంపెనీ చెయ్యి నేరుగా తగల్లేదు, ఖర్చు మాత్రం తగిలింది. బ్రిటిష్ అధికారుల కింద ఉన్న హైదరాబాద్ కంటింజెంట్ సైన్యం జీతాలు నిజాం మోశాడు. ఆ బాకీ కింద 1853లో బీరారు రాసిచ్చాడు. లోటు పూడ్చుకోవడానికి పల్లెల మీద పడిన భారం వేరే కథ, దానికి వేరే జవాబు రాయాలి.

1937లో సీమ పెద్దలూ కోస్తా పెద్దలూ శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నప్పుడు నీళ్ళ దగ్గర సీమ అంత గట్టిగా ఎందుకు పట్టుబట్టిందో పైదంతా చదివితే మీకే తెలుస్తుంది.

చివరగా, పాత సంగతులతో ఇప్పుడు పనేమిటన్నారు కదా. చుక్కల భూముల గురించి విన్నారా? నూరేళ్ళకు పైచిలుకు కిందట రీసెట్టిల్‌మెంటు జరిగినప్పుడు ప్రతి సర్వే నంబరుకూ పట్టాదారు ఎవరని అడిగి ఆర్.ఎస్.ఆర్.లో, అంటే రీసెట్టిల్‌మెంటు రిజిస్టరులో, రాశారు. కొందరు పేరు చెబితే శిస్తు మీద పడుతుందని ముందుకు రాలేదు. కొన్నిచోట్ల ఎవరిదో తేలలేదు. అక్కడ పేరు బదులు చుక్కలు పెట్టి వదిలేశారు. ఆ పొలాల్ని తరాలుగా దున్నుకుంటున్నవాళ్ళ మనవలు కూతురి పెళ్ళికి అమ్ముకోబోతే, ఇది సర్కారు భూమి కావచ్చంటూ, అమ్మకం రిజిస్టరు చెయ్యకూడని భూముల 22ఏ నిషేధిత జాబితా అడ్డొచ్చింది. నా సర్వీసులో ఇలాంటి అర్జీలు పట్టుకుని కచేరీ వరండాలో కూర్చున్న ముసలివాళ్ళను చాలామందిని చూశాను. తాత శిస్తుకు భయపడ్డాడు, మనవడు రిజిస్ట్రేషన్‌కు నోచుకోలేదు. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీని కోసం ప్రత్యేకంగా చట్టం చెయ్యాల్సి వచ్చింది.

మీ తాతగారి పొలం ఇంకా మీ కుటుంబంలో ఉంటే ఆ సర్వే నంబరుకు ఆర్.ఎస్.ఆర్. నకలు తీయించి పట్టాదారు గడిలో ఏముందో చూడండి. చుక్కలు కనిపిస్తే పాత శిస్తు రసీదులు, అడంగల్ నకళ్ళు, దస్తావేజులు ఏవి దొరికితే అవి పోగుచేసి, ఎన్నాళ్ళుగా మీ అనుభవంలో ఉందో చూపిస్తూ కలెక్టరుకు అర్జీ పెట్టుకోండి. నకలు చదవడంలో ఇబ్బందుంటే, అందులోని పేర్లు చెరిపేసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.